ఎండు నెత్తళ్ళ మీద వేసిన నింద

ఇన్నేళ్ళూ దీన్ని రాయకపోవడానికి మొదటి కారణం నాకు రాయడం రాకపోవడం. యాభై మూడో ఏట అక్షరాలు నేర్చుకున్నాను. అంతవరకు బ్యాంకులోనైనా, రేషను షాపులోనైనా నా బొటనవేలే నా సంతకం. ఇప్పుడు నాకు యాభై ఆరు. అంటే ఆ సాకు చెల్లిపోయి మూడేళ్ళయింది. ఈ మూడేళ్ళలో ఎన్నోసార్లు నోటుపుస్తకం తెరిచి, పైన శ్రీరామ అని రాసి, కింద ఏమీ రాయకుండా మూసేశాను. రాయడం రానప్పుడు రాయలేదు. వచ్చాక కూడా రాయలేదు. రెండో దానికి కారణం భయం. దానికి ఇంకో పేరు పెట్టదలుచుకోలేదు.

పద్దెనిమిదేళ్ళుగా ఒక మాట నా లోపల ఉండిపోయింది. చేపముల్లు గొంతులో దిగితే ఉత్త అన్నం ముద్ద చేసి నమలకుండా మింగుతాం. ముల్లు దాంతోపాటు పోతుంది. ఇది అలా పోలేదు. తిన్న ప్రతి ముద్దకూ అడ్డం పడుతూనే ఉంది. అందులోనూ అంకమ్మ ఇంట్లో తిన్న ముద్దకు.

మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను. మా ఊరి పేరు రాయను. జువ్వలదిన్నెకు దగ్గర్లో, సముద్రం పక్కన ఉన్న పల్లె అనుకోండి. అంకమ్మ అన్నది కూడా ఆమె అసలు పేరు కాదు.

అంకమ్మ నా తోడికోడలు. నా మగడి తమ్ముడి భార్య. నాకంటే ఆరేళ్ళు చిన్నది. నాకు పిల్లలు లేరు. ఆమెకు ఒక్కతే కూతురు, సుజాత. ఆ పిల్ల నన్ను పెద్దమ్మా అంటుంది. నా మగడు పోయి పద్నాలుగేళ్ళు. ఆయన పోయిన వారంలోనే అంకమ్మ వచ్చి, "ఒక్కదానికి పొయ్యేందక్కా? మా ఇంట్లోనే తిను" అంది. అప్పటినుంచీ అక్కడే తింటున్నాను. ఈ లోకంలో నాకు ఉన్నది ఆ ఇల్లొక్కటే. ఇప్పుడు నేను చెప్పబోయేది ఆ ఇంటికి చేసిన పని.

మా రేవులో ఆడవాళ్ళ పని ఎలా ఉండేదో ముందు చెప్పాలి. పడవలు ఒడ్డుకు రాగానే చేపల్ని గంపలకెత్తి, నెత్తిన పెట్టుకుని, ఇసుకలో నడిచి వేలం పాడే చోటికి చేర్చాలి. తడి చేపల గంపను ఏ ఆడదీ ఒంటరిగా నెత్తికెత్తుకోలేదు. రెండో మనిషి పట్టాలి. అందుకని ఇద్దరిద్దరు జతగా ఉండేవాళ్ళం. నీ గంప నేనెత్తుతాను, నా గంప నువ్వెత్తు. ఒకసారి జత కుదిరితే ఏళ్ళ తరబడి అదే జత. ఇంకొకరి జతను విడదీయడం తప్పు కింద లెక్క. నా జత అంకమ్మ. ఆమె కాపురానికి వచ్చిన మూడో రోజునుంచీ.

అలాంటి మనిషికి దగ్గు పట్టుకుంది. చలికాలమంతా దగ్గింది. తర్వాత దగ్గులో రక్తం పడింది. సర్కారు ఆసుపత్రిలో టీబీ అన్నారు. ఆరు నెలలు మాత్రలు. మనిషి చేపను ఎండేసినట్టు ఎండిపోయింది. భుజాలు, పిర్రలు, పిక్కలు, ఎక్కడి కండ అక్కడ కరిగిపోయింది. రూపాయి బిళ్ళంత ఉండే ఆమె నడుం మీది పుట్టుమచ్చ ఒక్కటే మారకుండా మిగిలింది.

ఆ ఆరు నెలలూ నాకు జత లేదు. పడవ వచ్చిన దగ్గర గంప నింపుకుని నిలబడేదాన్ని. ఎవరి జత వాళ్ళకుంది. వాళ్ళ గంపలు అన్నీ లేచాక, ఎవరైనా జాలిపడి వచ్చి నాదీ ఎత్తేవాళ్ళు. అప్పటికి వేలం సగం అయిపోయేది. రవణమ్మ అని నోరున్న మనిషి ఒకామె ఉండేది. నన్ను చూసి అందరికీ వినబడేలా అనేది:

"ఏందిమే, నీ జత ఇంకా దుప్పట్లోనే ఉండాదా? మొగుడు లేనిదానికన్నా జత లేనిదానికే కష్టమబ్బా!"

అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. గంప పక్కన అలా నవ్వుతూ నిలబడడం ఎంత ఒంటరితనమో మీకు ఎలా చెప్పాలి? సముద్రం నిండా మనుషులు, ఒడ్డు నిండా మనుషులు, నా గంపకు రెండు చేతులు లేవు. ఆ చిన్న విషయం కోసం నేను ఇంత పని చేశానా? చేశాను.

మాత్రలు అయిపోయిన రోజు ఇద్దరం ఆసుపత్రికి వెళ్ళాం. బస్సు దిగి నడిచేసరికే అంకమ్మకు కాళ్ళు తేలిపోయాయి. గోడ నీడలో కూర్చోబెట్టి, నేను లోపలికి వెళ్ళాను. టీబీ మందులిచ్చే గదిలో ఒక చిన్న వయసు అమ్మాయి పనిచేసేది. ప్రతిసారీ పేరు పెట్టి పలకరించేది. ఆ రోజు కుర్చీ చూపించి కూర్చోమంది.

"పెద్దమ్మా, జబ్బు పోయింది. కళ్ళె పరీక్షలో ఏమీ లేదు. కానీ ఆమె ఒళ్ళు చూస్తున్నారు కదా? కండ కరిగిపోయింది. ఎముకలు కూడా గుల్లబారి ఉంటాయి. జబ్బు పోయినంత తొందరగా అవి తిరిగి రావు. ఏడాది దాకా బరువులు ఎత్తనివ్వకండి" అంది.

"ఏడాదా?" అన్నాను.

"ఏడాదే. ఆ తర్వాత ఎముకల పరీక్ష చేయించి చూద్దాం. ఈలోగా కొద్దికొద్దిగా నడిపించండి. గుడ్డు, పాలు, చేప, ఏది ఉంటే అది పెట్టండి. మీ ఇళ్ళల్లో చేపకేం కరువు!" అని నవ్వింది. అదే మాట ఒక కాగితం మీద కింద వైపు తెలుగులో రాసి, నా చేతికిచ్చింది. ఇంట్లో చదువు వచ్చినవాళ్ళ చేత ఆమెకు చదివించమంది.

నేను బయటికి వచ్చాను. ఆ గదినుంచి గోడ నీడ దాకా ఎన్ని అడుగులో నాకు తెలుసు. తర్వాత వెళ్ళినప్పుడు లెక్కపెట్టాను. ముప్పై ఒకటి. ఆ ముప్పై ఒక్క అడుగుల్లో నేను ఏం ఆలోచించానో ఎంత తవ్వుకున్నా ఇప్పటికీ గుర్తు రావడం లేదు. ఆలోచించి అబద్ధం చెప్పానా, నోటికి వచ్చి చెప్పానా? తెలిస్తే బాగుండును.

"ఏమనిందక్కా ఆ పాప?" అంది అంకమ్మ.

"బాగయిపోయిందంట."

"అయితే గంప ఎత్తొచ్చా?"

చూడండి, ఆమె సరిగ్గా ఆ మాటే అడిగింది. నేను చెప్పాలనుకుంటే ఇంతకంటే దారి ఎవరిస్తారు?

"ఎత్తొచ్చంట. ఏ పనైనా చేసుకోవచ్చంట."

"నా చేతులు చూడక్కా. ఇంకా వణకతానే ఉండాయి."

"ఆర్నెల్లు పడుకోనుంటే ఎవురికైనా వణకతాయి. రేవుకొస్తే అయే సర్దుకుంటాయిలే."

"ఆ కాగితమేంది?"

"మాత్రలు ఎప్పుడు ఆపినారో రాసిచ్చినారు."

ఆమె గోడ పట్టుకుని లేచింది. ముఖంలో ఆరు నెలలుగా చూడని నవ్వు. "అయితే రేపే వస్తా. ఆ రవణమ్మ నోరు మూయించాల" అంది.

మీరు అడగవచ్చు, ఆమె ఆ మాత్రానికే నమ్మేసిందా అని. నమ్మాలనుకుంది. దానికీ ఒక కారణం ఉంది. పెద్ద జబ్బు చేసి లేచిన ఆడది మళ్ళీ రేవుకు వచ్చి తన జత గంప ఎత్తేదాకా ఆమె ఇంట్లో మా వాళ్ళెవరూ మంచినీళ్ళు తాగరు. డాక్టరు చెప్పినా నమ్మరు. కాగితం చూపినా నమ్మరు. గంప లేస్తే నమ్ముతారు. ఆరు నెలలుగా అంకమ్మ గడప ఎవరూ తొక్కలేదు. సుజాతను పక్కింటి పిల్లలు ఆటకు రానిచ్చేవాళ్ళు కాదు. అప్పుడు ఆ పిల్లకు ఏడేళ్ళు. అంకమ్మకు గంప ఎత్తడం అంటే ఊళ్ళో మనిషిగా మళ్ళీ లేవడం. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసి, నా స్వార్థానికి దాన్ని వాడుకున్నాను. ఆమె మంచి కోసమే చెప్పానని కొన్నాళ్ళు నన్ను నేను నమ్మించుకోవాలని చూశాను కూడా. నిలవలేదు.

మర్నాడు ఆమె వచ్చింది. ఒడ్డు మీద అందరూ చూస్తుండగా వంగి, నా గంప అంచు పట్టింది. నేను సగానికే నింపాను, ఆ మాత్రం జాలి ఉంది నాకు. లేచింది. రవణమ్మ కూడా, "లేచిందబ్బా అంకమ్మ!" అంది. ఆ రోజు మధ్యాహ్నం ముగ్గురు ఆడవాళ్ళు అంకమ్మ ఇంటికి వెళ్ళి మంచినీళ్ళు అడిగి తాగారు. ఆమె నా దగ్గరకు పరుగెత్తుకుంటూ వచ్చి చెప్పింది. పరుగు అని రాశాను గానీ, అది నడకే. ఆమెకు పరుగు అనిపించి ఉంటుంది.

తర్వాత రోజురోజుకూ గంప నిండుతూ వచ్చింది. ఎవరు నింపారు? నేనే. అంచు పట్టినప్పుడు ఆమె ముంజేతులు అదురుతుంటే నాకు కనబడేది. రాత్రి నడుం నొప్పి అని చెబితే, పని అలవాటు తప్పింది కదా అనేదాన్ని. పంతొమ్మిది రోజులు అలా గడిచాయి. ఇరవయ్యో రోజు కానాగంత చేపలు విపరీతంగా పడ్డాయి. అందరూ తొందరలో ఉన్నారు. నేను గంపను అంచు దాటి కుప్పగా పోశాను. ఆమె వంగింది. పట్టింది. గంప మోకాలి ఎత్తుకు వచ్చింది. అక్కడ ఆగింది.

అరుస్తుందనుకున్నాను. అరవలేదు. గంపను మెల్లగా కిందకు దించింది. ఒక్క చేపా కింద పడకుండా దించింది. తర్వాత ఇసుకలో కూర్చుని, "అక్కా, నడుములో ఏందో ఇరిగింది" అంది, ఎవరికో జరిగినట్టు.

నెల్లూరులో పెద్దాసుపత్రిలో ఫోటో తీశారు. వెన్నుపూస ఒకటి అణిగిపోయిందన్నారు. డాక్టరు ఆ ఫోటోను వెలుతురుకు పట్టి, ఈ వయసులో ఇలాంటి ఎముకలా అని ఆశ్చర్యపోయాడు. "టీబీ తగ్గాక బరువులు ఎత్తొద్దని మీకు ఎవరూ చెప్పలేదా?" అని అడిగాడు. మరిది నా వైపు చూశాడు. ఆ రోజు మందుల గదిలోకి వెళ్ళింది నేనే కదా.

"ఎవురూ చెప్పలేదయ్యా" అన్నాను.

ఇది రెండో అబద్ధం. ఇది మాత్రం ఆలోచించే చెప్పాను. కాబట్టి మొదటిదానికంటే పెద్దది.

మరిది ఊరుకోలేదు. టీబీ మందులిచ్చే గదికి వెళ్ళి ఆ అమ్మాయి మీద కేకలు వేశాడు. నన్నూ వెంట తీసుకెళ్ళాడు. ఆ అమ్మాయి, "నేను చెప్పానండీ. ఈ పెద్దమ్మకే చెప్పాను. కాగితం కూడా రాసిచ్చాను" అంది. అందరూ నన్ను చూశారు. "ఏ కాగితం?" అన్నాను. అప్పుడు ఆ కాగితం మా ఇంట్లో ట్రంకుపెట్టెలో, పెళ్ళి చీర మడతలో ఉంది. ఆ అమ్మాయి నన్ను అలాగే చూసింది. కోపంగా కాదు. అర్థం కానట్టు చూసింది, నిజంగానే తను చెప్పలేదేమో అని తన మీద తనకే అనుమానం వచ్చినట్టు. కొన్నాళ్ళకు వేరే చోటికి వెళ్ళిపోయిందన్నారు. ఎక్కడుందో తెలియదు. అమ్మా, ఇది నీ కంటపడితే, నువ్వు చెప్పావు. స్పష్టంగా చెప్పావు. నీ తప్పు ఏమీ లేదు.

మూడో అబద్ధం ఇంకా ఉంది. దాని గురించి రాయడానికే ఇదంతా మొదలుపెట్టాను.

అంకమ్మ నాలుగు నెలలు మంచం మీద ఉంది. ఒళ్ళు తుడవడం, తల దువ్వడం, పక్క మార్చడం, అన్నీ నేనే చేశాను. ఊరంతా నన్ను మెచ్చుకుంది. సొంత అక్క కూడా ఇట్టా చెయ్యదు అన్నారు. ఒకరోజు ఆమె పైకప్పు చూస్తూ అడిగింది.

"ఈ జబ్బు ఎంతమందికి రాలేదక్కా? అందురూ లేచి తిరగతానే ఉండారు. నాకే ఎందుకిట్టా ఇరిగింది?"

నేను ఊరుకుంటే సరిపోయేది. తెలియదు అంటే సరిపోయేది. కానీ ఆమె కళ్ళు పైకప్పునుంచి దిగి నా మీదకు వస్తాయేమోనని భయం వేసింది.

"పథ్యం తప్పినావు గదమ్మే. మాత్రలు మింగేటప్పుడు ఎండు నెత్తళ్ళు తిన్నావు గదా" అన్నాను.

మాత్రలు మొదలైనప్పుడు మా అత్త, చేప, గుడ్డు, పులుపు ఏదీ పెట్టకూడదని పథ్యం పెట్టింది. ఆరు నెలలు చారన్నం. ఒకసారి అంకమ్మ నోరు చచ్చిపోయింది అని ఏడిస్తే, అత్తకు తెలియకుండా ఎండు నెత్తళ్ళ చేపలు పులుసు పెట్టి రెండు పూటలు తినిపించింది నేనే. ఆ ఆరు నెలల్లో ఆమె ఒంటికి మేలు చేసిన తిండి ఏదైనా ఉంటే ఆ రెండు పూటలదే. ఆ నేరమంతా దాని మీదకే తోశాను.

ఆమె నా చెయ్యి పట్టుకుని, "నువ్వేం బాధపడబాకక్కా. నేనే అడిగి తింటి" అంది.

నన్ను ఓదార్చింది. నా అబద్ధానికి నన్ను ఓదార్చింది. ఇంతకంటే ఏం రాయను?

ఆమె లేచి నడిచింది గానీ మునుపటి ఎత్తు లేదు. వెన్ను వంగి జానెడు తగ్గింది. ఆ తర్వాత మూడేళ్ళకు గడప దగ్గర తూలి మణికట్టు విరిగింది. ఇంకొకసారి దగ్గు వచ్చి దగ్గితేనే పక్కటెముక చిట్లింది. పోయిన కండ తిరిగి రాలేదు. ఇప్పుడు యాభై ఏళ్ళకే డెబ్బై ఏళ్ళ ముసలిదానిలా ఉంటుంది. నేల మీద కూర్చుంటే ఎవరైనా లేపాలి. పద్దెనిమిదేళ్ళుగా ఆ ఇంట్లోకి ఎండు నెత్తళ్ళు రానివ్వలేదు. వీధిలో ఎవరైనా వేయిస్తుంటే లోపలికి వెళ్ళిపోతుంది. తన నాలుకే తన వెన్ను విరిచిందని నమ్ముతుంది.

మూడేళ్ళ కిందట మా ఊళ్ళో మధ్యాహ్నాలు ఆడవాళ్ళకు చదువు చెప్పడం మొదలుపెట్టారు. చేపలు ఆరబెట్టే షెడ్డులో పలకలు ఇచ్చారు. ఈ వయసులో ఈమెకు చదువు మీద ఎంత ఇష్టమో అని టీచరమ్మ నన్ను అందరికీ చూపించేది. నాకు చదువు మీద ఇష్టం లేదు. ట్రంకుపెట్టెలో ఉన్న కాగితం చదవాలి, అంతే. ఇంకెవరికీ చూపించలేను. నా మనసులో ఒక ఆశ ఉండేది. ఆ అమ్మాయి నోటితో అంత గట్టిగా చెప్పి ఉండకపోవచ్చు, నేనే భయంతో పెంచుకుని ఉంటాను, కాగితంలో ఊరికే జాగ్రత్త అని ఉంటుంది అని. అంత చిన్న ఆశ కోసం అ ఆ లు దిద్దాను.

ఎనిమిది నెలలు పట్టింది. పైన అచ్చులో ఉన్నదంతా ఇంగ్లీషు. కింద నీలం సిరాతో నాలుగు వరుసలు. వేలు పెట్టుకుని చదివాను. ఏడాది వరకు బరువులు ఎత్తకూడదు. ఎముకల పరీక్ష చేయించాలి. గుడ్డు, పాలు, చేప రోజూ తినాలి. నాలుగో వరుసలో, అంకమ్మ గారికి చదివి వినిపించగలరు అని ఉంది. మా పల్లెలో ఆడవాళ్ళ పేరు చివర గారు అని ఎవరూ పెట్టరు. ఆ అమ్మాయి పెట్టింది. నా ఆశ అక్కడితో పోయింది. కాగితాన్ని మళ్ళీ అదే చీర మడతలో పెట్టాను. పెట్టి, అంకమ్మ ఇంటికి భోజనానికి వెళ్ళాను. ఎలా వెళ్ళానని మీరు అడగకండి. ఆకలివేసింది, వెళ్ళాను.

అక్కడితో అయినా ఆగి ఉంటే ఇది నాతోనే పోయేదేమో. ఏడు నెలల కిందట సుజాతకు అదే జబ్బు వచ్చింది. ఇప్పుడు ఆమెకు ఇరవై అయిదేళ్ళు. భర్త హార్బరులో బోటు మీద పోతాడు. జబ్బు తెలిశాక తల్లి దగ్గరికి వచ్చేసింది. అంకమ్మ కూతురికి పథ్యం పెట్టింది. ఎంత గట్టిగా పెట్టిందంటే, మరిది తెచ్చే చేపలు కూడా ఇంట్లోకి రానివ్వకుండా బయటే ఇచ్చేసేది. ఆసుపత్రిలో పోషణ కిట్ అని ఇచ్చిన పప్పులు తీసుకునేది గానీ, గుడ్లు తినమని వాళ్ళు చెప్పిన మాట కూతురి చెవిలో పడనివ్వలేదు. ఒకరోజు నేను అరడజను గుడ్లు తీసుకెళ్ళాను. ఇప్పుడు డాక్టర్లు తినమంటున్నారు కదా అన్నాను.

"వాళ్ళకేం తెలుసక్కా? నా నడుం ఎందుకిరిగిందో నువ్వే గదా చెప్పినావు! నేను చేసిన తప్పు నా బిడ్డ జెయ్యకూడదు" అని గుడ్లు తిరిగి నా సంచిలో పెట్టింది.

నేను ఆ సంచి పట్టుకుని ఇంటికి వచ్చాను. ఆరు నెలలు ఆ పిల్ల ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాను. ఆమె పళ్ళెంలో చారు. నేను నోరు తెరవలేదు. ఒక్క మాట చెబితే ఆ పళ్ళెంలో చేప పడేది. కానీ ఆ మాట చెబితే నాకు ఆ ఇంట్లో పళ్ళెం ఉండదు. నేను నా పళ్ళెం ఎంచుకున్నాను. రోజూ, మధ్యాహ్నం.

ఈ రోజు శనివారం. పొద్దున సుజాత వచ్చి, మాత్రలు పోయిన నెలలోనే అయిపోయాయి కదా, సోమవారంనుంచి రొయ్యల కంపెనీకి వెళుతున్నానని చెప్పింది. రోజంతా నిలబడి ఐసు రొయ్యల ట్రేలు ఎత్తి దించే పని. ఇంక ఆలస్యం చేస్తే తన చోట్లో వేరేవాళ్ళను పెట్టుకుంటారట.

"నీకు ఒంట్లో శక్తి ఉండాదా?" అన్నాను.

"ఉండాది పెద్దమ్మా. అమ్మ పథ్యం అంత గట్టిగా చేయించింది గదా, నాకేం గాదు" అని నవ్వింది. వెళ్ళబోతూ, వాకిట్లో ఉన్న మంచినీళ్ళ క్యాను లోపల పెట్టిపోతాను అని రెండు చేతులా పట్టింది. మోకాలి దాకా లేపింది. అక్కడ ఆపి, మెల్లగా దించేసింది. "మళ్ళీ వచ్చి పెడతాలే" అంది.

నేను ఆ మెల్లగా దించడం ముందే చూశాను.

ఆమె వెళ్ళినప్పటినుంచీ ఇది రాస్తున్నాను. ఇప్పుడు సాయంత్రం కావస్తోంది. భోజనానికి వెళ్ళలేదు. కడుపులో బాగాలేదని కబురు పంపాను. అది కూడా అబద్ధమే, నాలుగోదో నలభయ్యోదో. నోటితో చెప్పడానికి వెళితే మళ్ళీ ఏదో ఒకటి అల్లుతానని నాకు తెలుసు. నా నోటిని నేను నమ్మను. అందుకే ముందు రాశాను. రాసింది మారదు. ఇందులో ఎక్కడైనా నన్ను నేను మంచిగా చూపించుకున్నానేమోనని రెండుసార్లు చదివాను. సగం గంప నింపాను, జాలి ఉంది అని రాసిన చోట కొట్టేద్దామనుకున్నాను. ఉంచాను. అలా అనుకునే మనిషినే నేను.

ఆదివారం పొద్దున రాస్తున్నాను. ఒకటే చెప్పాల్సి ఉంది.

తెల్లవారగానే ఆ కాగితం తీసుకుని వెళ్ళాను. మరిది వేటకు పోయాడు. అంకమ్మ అరుగు మీద, సుజాత గడపలో కూర్చుని ఉన్నారు. నిలబడే చెప్పాను. కూర్చోమని అంకమ్మ జరిగింది గానీ కూర్చోలేదు. ఆసుపత్రి మాట, డాక్టరు ముందు మాట, నెత్తళ్ళ మాట, వరసగా చెప్పాను. కాగితం సుజాతకు ఇచ్చాను. ఆ పిల్ల పైకి చదివింది. నాలుగో వరుస దగ్గర ఆగి, తల్లి వైపు చూసింది.

అంకమ్మ నన్ను తిట్టలేదు. ఏడవలేదు. నా మొహం వైపు కూడా చూడలేదు. తన రెండు చేతుల్ని ఒళ్ళో తిప్పి చూసుకుంది. ఆ తర్వాత కూతురితో, "ఆ కంపెనీవోళ్ళకు ఫోన్ చెయ్. రేపు రానని చెప్పు. రేపు ఆసుపత్రికి పోవాల" అంది. సుజాత ఫోన్ తీసుకుని లోపలికి వెళ్ళింది. అంకమ్మ గోడ పట్టుకుని లేవబోయింది. నేను చెయ్యి అందించాను. పట్టుకోలేదు. చాలాసేపు పట్టింది గానీ తనంతట తనే లేచి లోపలికి వెళ్ళింది.

నన్ను ఉండమనలేదు. పొమ్మనలేదు. కాసేపు అక్కడే నిలబడి, ఇంటికి వచ్చాను. దారిలో రవణమ్మ ఎదురై ఏందిమే పొద్దున్నే అంటే, ఏం చెప్పాలా అని వెతుక్కోకుండా, ఒక తప్పు చేసింటి, చెప్పొచ్చినా అన్నాను. గొంతు తేలిగ్గా ఉంది. అంతకంటే గొప్పగా ఏమీ లేదు.

ఇంటికి వచ్చి పొయ్యి తుడిచాను. ఎసరు పెట్టాను. ఒక్క మనిషికి ఎన్ని బియ్యం పొయ్యాలో తెలియలేదు. రెండు గుప్పెళ్ళు తీసి, ఒకటి తిరిగి డబ్బాలో పోశాను.